తెరమీది బొమ్మమీటల చరిత్ర



నేను చిరకాలము తెలుగు పండితుడనుగా పాఠశాలలలో పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. యంత్రశాస్త్రము నా విద్య కాదు. అట్టి నేను కంప్యూటరు తెరపై కనబడు బొమ్మమీటలను గూర్చి మాటలాడ బూనుట మీకు వింతగా తోచవచ్చును. నాకు వానిలో నొకదానితో తగవు వచ్చినది. ఆ తగవే నన్నీ చరిత్రలోనికి దింపినది. కావున ముందుగా దానిని విన్నవించెదను.

మా గురువుగారు చెప్పిన చాటుపద్యములు ఒక పాత నోటుపుస్తకములో మిగిలియున్నవి. కాగితము పొడియగుచున్నది. వానిని అచ్చునకు సిద్ధపఱుప నెంచి, మా మనుమని కంప్యూటరు ముందు కూర్చుండి, రెండు వ్రేళ్లతో ఒక్కొక్క యక్షరమే కొట్టుచు, ఒక సాయంకాలమున 11 పద్యములు ఎక్కించితిని. ఇంతలో కరెంటు పోయినది. మరల వచ్చునప్పటికి తెరపై నా పద్యములు లేవు. మనుమడు వచ్చి, "తాతయ్యా, సేవ్ మీట నొక్కలేదా?" అని యడిగెను. "అది యెక్కడున్నదిరా?" అంటిని. వాడు తెర పైభాగమున నున్న ఒక చిన్న నీలిచదరమును చూపెను. నేనా బొమ్మను మొదటినుండియు చూచుచునే యుంటిని. తలుపులు మూసిన ఇనుపబీరువా కాబోలు, మనము తాకరాదని యూరకుంటిని.

పోయిన పద్యములను మరల ఎక్కింపవచ్చును గదా యని మీరనవచ్చును. పదింటిని ఎక్కించితిని. పదునొకండవ పద్యమున్న పుట, నేను త్రిప్పుచుండగనే అంచు రాలిపోయినది. దాని నాలుగవ పాదమును కన్నులార చదివి, చేతులార కొట్టితిని; ఇప్పుడది నా జ్ఞాపకములో సగమే యున్నది. ఒక చిన్న బొమ్మ అర్థము కాకపోవుటచే మా గురువుగారి వాక్కులో అరపాదము లోకమునుండి పోయినది. ఆ బొమ్మ యేమి? దానినట్లు వ్రాయవలెనని యెవరు నిర్ణయించిరి? మన వంటివారు దానిని మార్చుకొనవచ్చునా? ఈ ప్రశ్నలకు దొరకిన సమాధానమే నేటి ప్రసంగము.

మొదటి కంప్యూటరులకు బొమ్మలు లేవు. రంధ్రములు పొడిచిన అట్టముక్కలను అందించి వానిచే పని చేయించెడివారు. తరువాతి కాలమున ఆజ్ఞలను ఇంగ్లీషు మాటలలో టైపు చేసెడివారు. ఒక్క యక్షరము తప్పినను యంత్రము కదలదు. ఆజ్ఞలన్నియు కంఠస్థము కావలెను. అమరము వల్లెవేసిన మా బోంట్లకు కంఠస్థము భయము గాదు గాని, లోకులందఱును ఒక పనిముట్టును వాడుటకు నిఘంటువు వల్లింపవలెననుట న్యాయము గాదు.

1963వ సంవత్సరమున అమెరికాదేశములో ఐవాన్ సదర్లాండు అను యువకుడు స్కెచ్‌ప్యాడు అను ఏర్పాటును కల్పించెను. వెలుగును గుర్తించు కలమును తెరకానించి గీతలు గీయుటయు, గీచిన వానిని కదల్చుటయు అందు సాధ్యమయ్యెను. మనుష్యుడు మాటతో గాక చూపుతోను చేతితోను యంత్రమునకు తన తలంపు తెలుపవచ్చునని దీనివలన తేలినది. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున డగ్లస్ ఎంగెల్‌బర్టు అను శాస్త్రజ్ఞుడు నిండుసభలో మౌసు అను పనిముట్టును చూపెను. చుంచెలుకకు తోకవలె దానికి తీగ యుండుటచే ఆ పేరు వచ్చినది. బల్లపై చేయి కదలినచో తెరపై గుర్తు కదలును. చూపుటకు వ్రేలు దొరకినది. ఇక చూపదగిన వస్తువులు కావలెను.

ఆ వస్తువులు కాలిఫోర్నియాలోని జిరాక్సు కంపెనీవారి పరిశోధనాలయములో పుట్టెను. అచ్చట 1973లో ఆల్టో అను యంత్రము సిద్ధమయ్యెను. దాని తెర యంతయు చిన్న చుక్కల మయము. ఏ చుక్కనైనను వేఱుగా వెలిగింపవచ్చును, ఆర్పవచ్చును. మన ఇల్లాండ్రు వాకిట చుక్కలు పెట్టి ముగ్గు వేయుదురు గదా, ఆ తెర యట్టిదే యనుకొనుడు. 1975లో డేవిడ్ కాన్‌ఫీల్డు స్మిత్ అను విద్యార్థి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతగ్రంథములో తెరమీది యిట్టి బొమ్మలకు ఐకను అను పేరు వాడెను. గ్రీకుభాషలో దానికి ప్రతిమ యని యర్థము.

1981లో జిరాక్సువారు స్టార్ అను యంత్రమును విపణికి తెచ్చిరి. దాని తెర యొక కచేరీ బల్లవలె నుండెను. కాగితము, కాగితములుంచు సంచి, ఉత్తరముల పెట్టె, అచ్చుయంత్రము మున్నగునవన్నియు బొమ్మలు. వీనిని నిర్ణయించుటలో వారొక మెచ్చదగిన పని చేసిరి. నలుగురు చిత్రకారులచే నాలుగు జతల బొమ్మలు వ్రాయించి, ఏ జత జనులకు సులభముగా తెలియునో పరీక్షించి, నార్మన్ కాక్సు వ్రాసిన జతను గ్రహించిరి. బొమ్మ మంచిచెడ్డలకు వ్రాసినవాడు ప్రమాణము కాదనియు, చూచువాడే ప్రమాణమనియు వారు గుర్తించిరి. కాని యొక్కొక్క యంత్రము వెల 16,000 డాలర్లకు పైబడుటచే అది సామాన్యులకందలేదు.

బొమ్మలను సామాన్యుని యింటికి తెచ్చినది ఆపిల్ కంపెనీ. 1983లో వచ్చిన వారి లీసా వెల 9,995 డాలర్లు. 1984 జనవరి 24వ తేదీన వెలువడిన మెకింటాషు వెల 2,495 డాలర్లు. ఈ మెకింటాషు బొమ్మలను వ్రాసిన సూసన్ కేర్ అను వనిత లలితకళలలో డాక్టరు పట్టము పొందినది. యంత్రశాస్త్రము చదివినది కాదు. ఆ కంపెనీలో పనిచేయుచుండిన ఆండీ హెర్ట్స్‌ఫెల్డు అను పాఠశాలనాటి స్నేహితుడు గళ్లకాగితపు పుస్తకము కొనుక్కొమ్మని ఆమెకు సలహా యిచ్చెను. ఒక్కొక్క బొమ్మకు అడ్డముగా 32, నిలువుగా 32, మొత్తము 1,024 గళ్లు. ప్రతి గడియు నలుపో తెలుపో కావలెను. నడిమి రంగు లేదు. ఆ కొలతలోనే యామె చెత్తబుట్టను, చేతిగడియారమును, నవ్వుచున్న కంప్యూటరును వ్రాసెను. చిత్రలేఖనపు కార్యక్రమమున రంగుడబ్బా, కుంచె, పెన్సిలు మున్నగు పనిముట్లను ప్రక్కగా బొమ్మమీటల వరుసగా నిలిపిరి. కుంచెను నొక్కిన చేయి కుంచె యగును. రబ్బరును నొక్కిన చేయి రబ్బరగును. ఆమె గళ్లపుస్తకమును న్యూయార్కులోని ఆధునికకళా ప్రదర్శనశాలవారు 2015లో స్వీకరించిరి.

ఒక చిన్న కథ గలదు. కీబోర్డుపై ఆజ్ఞామీటకు మొదట ఆపిలు పండు గుర్తు వేసిరి. అదే గుర్తు తెరపై ప్రతి పట్టికలోను పలుమారులు కనబడుచుండగా, కంపెనీ నాయకుడు స్టీవ్ జాబ్సు తమ చిహ్నము చవుకయగుచున్నదని యభ్యంతరపెట్టెను. సూసన్ కేర్ చిహ్నముల నిఘంటువును వెదకి, స్వీడను దేశమున దర్శనీయస్థలములను సూచించు గుర్తును తెచ్చి యుంచెను. నాలుగు మూలల నాలుగు చుట్టలున్న చదరమది. చూచినచో మన మెలికల ముగ్గులో నొక గడివలె నుండును.

ఇంతవరకు బొమ్మను గూర్చి చెప్పితిని. ఇక మీటను గూర్చి చెప్పవలెను. బొమ్మ చూచుటకు; మీట నొక్కుటకు. నొక్కినచో నొక్కుడుపడినట్లు తెలియవలెను. నిజమైన మీట వ్రేలిక్రింద క్రుంగును. తెరమీది మీట క్రుంగదు గావున క్రుంగినట్లు నటింపవలెను. మెకింటాషులో నొక్కినంతసేపు నలుపు తెలుపుగను, తెలుపు నలుపుగను మాఱెడిది. 1990లో వచ్చిన మైక్రోసాఫ్టువారి విండోసు 3.0లో, వెలుగు ఎడమవైపు పైనుండి పడుచున్నట్లు భావించి, మీటకు పై యంచును ఎడమ యంచును తెల్లగను, క్రింది యంచును కుడి యంచును ముదురుగను తీర్చిరి. అందుచే మీట ఉబ్బెత్తుగా కనబడును. నొక్కగనే వెలుగునీడలు తాఱుమాఱై లోనికి పోయినట్లు తోచును. ఆ విండోసు బొమ్మలలో ననేకము సూసన్ కేర్ వ్రాసినవే. ఆ సంవత్సరమే వెలువడిన ఎక్సెల్ 3.0 అను లెక్కలపుస్తకములో తెర పైభాగమున బొమ్మమీటల పట్టె నొకదానిని అమర్చిరి. నేడు మనము చూచు మీటల వరుసలకు అది యొక పూర్వరూపము.

ఈ మీటలన్నియు కంపెనీలు వ్రాసియిచ్చినవి. వాడుకరి తన బొమ్మను తానే మీటగా చేసికొనుట యెప్పుడు సాధ్యమయ్యెను? ఇందు ముఖ్యమైన సంవత్సరము 1987. ఆ యేట బిల్ అట్కిన్‌సన్ అను నేర్పరి హైపర్‌కార్డు అను దానిని నిర్మింపగా, ఆపిల్‌వారు దానిని తమ క్రొత్త యంత్రములతో ఉచితముగా నిచ్చిరి. అందు ఏ బొమ్మనైనను గీచి, దానిపై కంటికి కనబడని మీట నొకదానిని పఱచి, నొక్కినప్పుడేమి జరుగవలెనో సులభమైన వాక్యములతో వ్రాయవచ్చును. గుండెబొమ్మ గీచి, నొక్కినచో గుండెను గూర్చిన పాఠము తెఱచుకొనునట్లు చేయవచ్చును. బడిపంతుళ్లు దీనిని చక్కగా వాడుకొనిరి. అప్పటికి నాచేత సుద్దముక్కయే యుండెను. ఇది తెలిసియుండినచో సంధులకును సమాసములకును ఎన్ని బొమ్మలు గీచియుందునో!

పిమ్మట 1991లో విజువల్ బేసిక్కు, 1995లో డెల్ఫీ, 1998లో జావాభాషలోని స్వింగ్ అను మీటల సంపుటి వరుసగా వచ్చి, కార్యక్రమములు వ్రాయువారికి బొమ్మమీటలను తేలికచేసినవి. డెల్ఫీలోని ఏర్పాటు చెప్పదగినది. ఒక మీటకు నాలుగు బొమ్మలను ఒకే పట్టెగా ప్రక్కప్రక్కన వ్రాసి యీయవచ్చును. ఊరకున్నప్పటి బొమ్మ యొకటి; పనికి యోగ్యము గాక వెలవెలబోయినప్పటిది రెండవది; నొక్కుచున్నప్పటిది మూడవది; నొక్కి నిలిపినప్పటిది నాలుగవది. నటునకు రసమునుబట్టి ముఖవైఖరి మాఱునట్లు మీటకు అవస్థనుబట్టి రూపము మాఱును. మఱియొక చిక్కు గలదు. బొమ్మ గుండ్రనిదైనను దానిని వ్రాసిన పలక నలుచదరమే. మూలలు కనబడరాదు. అందుకై ఎడమవైపు అడుగుమూలనున్న చుక్క యే రంగో, ఆ రంగంతయు పారదర్శకమని యంత్రము గ్రహించును. ఆ రంగు బొమ్మ నడుమ ఎక్కడనైన వాడినచో అచ్చట చిల్లిపడును. నేర్చుకొనువారు మొదట చేయు పొరపాటిది.

1998 ప్రాంతమున విన్‌యాంపు అను పాటలపెట్టెకు ముఖమునే మార్చుకొను వీలు కలిగినది. దాని మీటలన్నియు బొమ్మలపట్టెలుగా విడివిడి ఫైళ్లలో నుండెను. లోకమున నలుమూలల బాలురు ఆ బొమ్మలను చెఱిపి తమ బొమ్మలు వ్రాసి పంచుకొనిరి. కొందఱది వట్టి వినోదమనిరి. తన పనిముట్టుపై తన గుర్తు వేసికొను కోరిక మన కమ్మరికిని వడ్రంగికిని ఎప్పటినుండియో యున్నదే గదా.

ఇప్పుడు నా నీలిచదరమునకు వత్తును. అది బీరువా కాదు. ఫ్లాపీ అను మూడున్నర అంగుళముల పలక. ఒకప్పుడు వ్రాతలను దానిలోనే దాచెడివారు. 1998లో ఆపిల్‌వారి ఐమాక్ ఆ పలకకు చోటులేకయే వెలువడినది. 2011లో సోనీవారు జపానులో దాని యమ్మకమును నిలిపిరి. పలక పోయినది, బొమ్మ మిగిలినది. ఆలంకారికులు దీనికే రూఢిలక్షణ యని పేరు పెట్టిరి. ప్రవీణుడనగా వీణ చక్కగా వాయించువాడని వ్యుత్పత్తి. నేడు వీణ ముట్టనివాడును వంటలో ప్రవీణుడే. కుశలుడనగా దర్భలు కోయువాడు. నేడు దర్భతో పనిలేకయే కుశలుడు. అట్లే ఫ్లాపీ లేకయే ఫ్లాపీబొమ్మ దాచుటకు గుర్తైనది. రూఢి తెలిసినవానికి చిక్కులేదు. తెలియనివానికి అది గోడ. నిఘంటువు వల్లింపనక్కఱలేదని పుట్టిన బొమ్మలకు ఇప్పుడు మరల నిఘంటువు కావలసి వచ్చినది!

ఇంతకంటె దుఃఖకరమైన సంగతి యొకటి గలదు. అక్షరములతో నిండిన పాత తెరలను అంధులకు చదివి వినిపించు ఏర్పాటులు బొమ్మలకు పూర్వమే యుండెను. బొమ్మలు వచ్చినతోడనే ఆ ఏర్పాటులు తడబడినవి. చుక్కల నెట్లు చదువవలెను? అందును, యంత్రమిచ్చిన మీటను గాక సొంతముగా గీచిన బొమ్మనే మీటగా వాడినచో, అది మీట యని యంత్రమునకే తెలియదు. 1997లో మైక్రోసాఫ్టువారు ప్రతి మీటకును కనబడని పేరు తగిలించి చదువు కార్యక్రమమున కందించు పద్ధతి నేర్పఱచిరి. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అను అంధయువకుడు ఎన్వీడీఏ అను చదువు కార్యక్రమమును ప్రారంభించి లోకమునకు ఉచితముగా నిచ్చెను. అయినను బొమ్మ వ్రాసినవాడు పేరు పెట్టుట మఱచినచో, అది "మీట, మీట" యనుచు పోవునే గాని యేమీటయో చెప్పలేదు. బొమ్మమీట చేయు ప్రతివాడును దానికి నామకరణము చేయుట విధి.

ఈ విషయమున మనదేశమువారు వెనుకబడినవారు కారు. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక యెన్నికలయందు అక్షరము రాని కోట్లకొలది జనుల కొఱకు ప్రతి యభ్యర్థికిని వేఱు పెట్టె పెట్టి, పెట్టెపై గుర్తు అంటించిరి. 2004 నాటికి లోకసభ నియోజకవర్గములన్నిటను ఓటుయంత్రములు వచ్చినవి. ఆ యంత్రమును మీరందఱును నొక్కియున్నారు. పేరు అక్షరములలో నున్నది, ప్రక్కను గుర్తు, దానిప్రక్కను నీలిమీట. నొక్కగనే యెఱ్ఱదీపము వెలుగును, కూత వినబడును. చదువగలవానికి పేరు, చదువలేనివానికి బొమ్మ, నొక్కినవానికి జవాబు. మంచి మీటకు కావలసిన లక్షణములన్నియు అందున్నవి.

నా తగవు ఎట్లు ముగిసినదో చెప్పి విరమించెదను. "తాతయ్యా, ఆ బొమ్మ నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఏం కావాలి?" అని మనుమడడిగెను. "తాటాకుల కట్ట" అంటిని. దాచుట యనగా మన పెద్దలకదియే గదా. అడ్డము 24, నిలువు 24, మొత్తము 576 చుక్కలలో ఇమడవలెనట. నేను ఆకులు, త్రాడు, చిల్లులు, అక్షరములు సయితము వ్రాయబోయి అలుకుగుడ్డ చేసితిని. మా యింటి యిల్లాలు వచ్చి చూచి, "ఇరవైనాలుగు చుక్కల్లో ఇన్ని పెడితే ముగ్గు నిలవదండీ. నాలుగు గీతలు, రెండు కట్లు చాలు" అనినది. అట్లే చేసితిమి. బొమ్మ చక్కగా వచ్చినది. మనుమడు పాతబొమ్మను తొలగించి దానిని మీటపై నిలిపెను.

మఱునాడు మా పొరుగున నున్న వృద్ధ రైతు వచ్చి తెరవంక చూచి, "పంతులుగారూ, ఆ గడ్డిమోపు దేనికండీ?" అని యడిగెను. నేను నిరుత్తరుడనైతిని. నాకు కనబడిన బీరువా వంటిదే ఆయనకు కనబడిన గడ్డిమోపు. స్వదేశపు బొమ్మయైనంతమాత్రమున అందఱకును తెలియునని యనుకొనుట నా పొరపాటు. వెంటనే మనుమనిచే బొమ్మక్రింద "దాచు" అని తెలుగున వ్రాయించితిని. రైతు చదివి, "ఓహో, ఇది తెలిసింది" అనెను.

పద్యములన్నియు ఇప్పుడు దాగియున్నవి. పదునొకండవ పద్యమున నాలుగవ పాదము సగమువద్ద చుక్కలు పెట్టి విడిచితిని. గురువుగారి వాక్కును నా మాటతో పూరించుటకు మనసొప్పలేదు. శ్రోతలలో మా గురువుగారి శిష్యులెవరైన నుండి, ఆ పాదము వారి కంఠమున నున్నచో దయచేసి తెలుపుడు. మీ మనుమల యంత్రము ముందు మీరు కూర్చుండినప్పుడు తెలియని బొమ్మ కనబడినచో, సిగ్గుపడక "ఇదేమిరా?" అని యడుగుడు. నేనడుగలేదు.

సెలవు.